హయ్ అని పెట్టాలా, అబ్దుల్ హయ్ అని పెట్టాలా?

కోస్తా ఆంధ్రలోని ఒక పట్టణం నుంచి ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. తన పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరారు కనుక, గుర్తుపట్టే వీలున్న వివరాలు వదిలేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను. ఆమెకు 32 ఏళ్లు. డిగ్రీ కళాశాలలో తెలుగు బోధిస్తారు. పుట్టింటివారు ఇంట్లో కూడా తెలుగే మాట్లాడే ముస్లింలు. అత్తింట్లో ఉర్దూ, తెలుగు రెండూ నడుస్తాయి. భర్త ఉద్యోగం వేరే నగరంలో కావడంతో శని, ఆదివారాల్లోనే ఇంటికి వస్తారు. మొదటి కాన్పులో పుట్టిన పాప రెండు రోజులు మాత్రమే బతికింది. మూడేళ్ల తరువాత మళ్లీ గర్భం నిలిచినప్పుడు, అయిదో నెల నుంచి మంచం దిగవద్దని డాక్టర్లు చెప్పారు. ఆ నెలల్లో ఆమె చదివిన పుస్తకాల్లో ఒకటి 12వ శతాబ్దంలో అండలూసియాకు (నేటి స్పెయిన్ ప్రాంతం) చెందిన తత్వవేత్త ఇబ్న్ తుఫైల్ అరబ్బీలో రాసిన ‘హయ్ ఇబ్న్ యఖ్జాన్’ కథకు ఇంగ్లిషు అనువాదం. మనిషి అలికిడి లేని దీవిలో ఒక లేడి పాలు తాగి పెరిగి, ఎవరూ నేర్పకుండానే లోకాన్నీ లోకకర్తనూ తెలుసుకున్న ఒక పిల్లవాడి కథ అది. కొడుకు పుడితే హయ్ అనే పేరు పెట్టాలని ఆమె అప్పుడే నిశ్చయించుకున్నారు. హయ్ అంటే బతికి ఉన్నవాడు.

కొడుకే పుట్టాడు. ఇప్పుడు వాడికి తొమ్మిది నెలలు, ఇంకా పేరు లేదు. బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మామగారు, ‘హయ్ అన్నది అల్లాహ్ నామం, దాన్ని ఒట్టిగా మనిషికి పెట్టకూడదు, అబ్దుల్ హయ్ అని పెట్టండి’ అంటున్నారు. మరిది మరో అడుగు ముందుకు వేసి, అది ప్రవక్తల అవసరమే లేదని చెప్పే తత్వవేత్తల పుస్తకమనీ, అందులోని పేరు మన ఇంటికి వద్దనీ అంటున్నాడు. కళాశాలలో స్నేహితురాళ్లు, పిల్లలు ‘హాయ్, బాయ్’ అని ఏడిపిస్తారని నవ్వుతున్నారు. భర్త ‘నువ్వూ నాన్నా ఒక మాట అనుకోండి, నాకు ఏదైనా సమ్మతమే’ అని తప్పుకున్నారు. ఆమె తల్లి మాత్రం ఇవేవీ పట్టించుకోకుండా మనవణ్ణి ‘హాయి’ అని పిలుచుకుంటోంది. ‘ఈ ఒక్క విషయంలో తగ్గితే ఇక జీవితమంతా తగ్గుతూనే ఉండాలేమో. పట్టుబడితే, ఇన్నాళ్లూ నన్ను కూతురిలా చూసిన మామయ్య మనసు విరుగుతుందేమో. నా బిడ్డకు పేరు పెట్టుకునే హక్కు నాకు లేదా?’ అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, నేను ముఫ్తీని కాను. ఈ పేరు ధర్మసమ్మతమా కాదా అన్న తీర్పు నా దగ్గర దొరకదు. దాని కోసం మీరు నమ్మే ఆలిమ్‌ను, అంటే మత పండితుణ్ణి, ఒకరిని అడగవలసిందే. కాని ఈ పేరు ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరెవరి చేతుల మీదుగా నడిచింది అన్నది కొంత తెలుసు. మీ ఇంట్లో నలుగురూ నాలుగు వేర్వేరు పేర్ల గురించి మాట్లాడుతూ ఒకే పేరు గురించి పోట్లాడుకుంటున్నామని అనుకుంటున్నారేమోనని నా అనుమానం.

మీకు ఈ పేరు ఇబ్న్ తుఫైల్ దగ్గర పరిచయమైంది గాని, దాన్ని సృష్టించింది ఆయన కాదు. ఆయనకు శతాబ్దం పైచిలుకు ముందే ప్రసిద్ధ వైద్యుడు, తత్వవేత్త ఇబ్న్ సీనా ఇరాన్‌లోని హమదాన్ దగ్గర ఫర్దజాన్ కోటలో ఖైదీగా ఉన్న రోజుల్లో ఇదే పేరుతో ఒక చిన్న కథ రాశాడు. అందులో హయ్ పసివాడు కాడు, వయసు మీదపడినా వడలని ముఖమున్న ఒక వృద్ధుడు. దారిలో ఎదురై, తన పేరు హయ్ అనీ, తాను యఖ్జాన్ కొడుకుననీ, తన ఊరు జెరూసలేమనీ, లోకమంతా తిరగడమే తన వృత్తి అనీ చెబుతాడు. ఇబ్న్ తుఫైల్ తన పుస్తకం ముందుమాటలోనే, ఈ పేర్లు ఇబ్న్ సీనా నుంచి తీసుకున్నవని దాచకుండా చెప్పాడు. ఆ వృద్ధుడి పేరును తెచ్చి, హిందూ దేశపు దీవుల్లో భూమధ్యరేఖ దిగువన ఉన్న ఒక దీవిలో ఆడుకునే పసివాడికి పెట్టాడు. అవునమ్మా, ఆ కథ జరిగే చోటు కాగితం మీదనైనా మనకు దగ్గరిదే.

ఇబ్న్ తుఫైల్ సొంత పేరును ఒకసారి విడదీసి చూడండి: అబూ బక్ర్ ముహమ్మద్ ఇబ్న్ అబ్ద్ అల్-మలిక్ ఇబ్న్ ముహమ్మద్ ఇబ్న్ తుఫైల్ అల్-ఖైసీ. ఇందులో తల్లిదండ్రులు పెట్టిన పేరు ముహమ్మద్ ఒక్కటే. అబూ బక్ర్ అన్నది ‘ఫలానావాడి తండ్రి’ అనే తీరులో వచ్చే కున్యా. తరువాతవి తండ్రి, తాత, ఆ పై పూర్వీకుడి పేర్లు. చివరిది తెగ పేరు. ఐరోపావారు వీటిలో కున్యాను పట్టుకుని లాటిన్‌లో ఆయనను అబుబాసెర్ అన్నారు. అరబ్బులు పూర్వీకుణ్ణి పట్టుకుని ఇబ్న్ తుఫైల్ అన్నారు. తల్లిదండ్రులు పెట్టిన ముహమ్మద్‌తో ఆయనను గుర్తుపట్టేవారు దాదాపు లేరు. తుఫైల్ అంటే ‘చిట్టి పాపడు’ అని అర్థం. దీవిలోని పసివాడి కథ రాసినవాడికి అంతకన్నా తగిన పేరు ఉండదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఇక ఆయన తండ్రి పేరు చూడండి. అబ్ద్ అల్-మలిక్, అంటే సర్వాధిపతి అయిన దేవుడి దాసుడు. మీ మామగారు కోరుతున్న పద్ధతి సరిగ్గా అదే. హయ్ కథ రాసినవాడి ఇంట్లోనే ఆ పద్ధతి ఉంది.

మామగారి మాటలో బలం ఉంది. ఆయతుల్ కుర్సీలో, అంటే ఖురాన్‌లోని బఖరా సూరా (అధ్యాయం) 255వ వాక్యంలో, అల్-హయ్ అన్నది దైవనామం. అయితే అదే ఖురాన్‌లో అదే పదం ప్రాణులకూ వాడబడింది. నిర్జీవం నుంచి సజీవాన్ని వెలికితీస్తాడని రూమ్ సూరా 19వ వాక్యం చెప్పేచోట ఉన్నది ఈ మాటే. దైవనామాలన్నిటికీ ఒకే నియమం లేదు. రహ్మాన్ అని మనిషికి ఒట్టిగా పెట్టరు, అబ్దుర్రహ్మాన్ అనే పెడతారు. అలీ కూడా దైవనామాల్లో ఒకటే, అయినా ప్రవక్త అల్లుడి పేరు అదే, మన ఊళ్లలో వేల మందికి అదే. హయ్ ఈ రెండు వరసల్లో ఏ వరసలోకి వస్తుందన్నదే మీరు ఆలిమ్‌ను అడగవలసిన ప్రశ్న. ‘పుస్తకంలో ఉంది, పెట్టవచ్చా’ అని అడగకండి. ‘అల్ లేకుండా హయ్ అన్న పేరు అలీ లాంటిదా, రహ్మాన్ లాంటిదా’ అని అడగండి. వీలైతే మామగారిని వెంటబెట్టుకుని వెళ్లండి. జవాబు ఎటు వచ్చినా ఇద్దరూ ఒకేసారి విన్నట్టవుతుంది.

మీ మరిది వాదన గురించి ఎక్కువ చెప్పను. ఆయన చదివింది సగం. మనిషి తన బుద్ధితో దేవుణ్ణి తెలుసుకోగలడని ఆ కథ చెప్పే మాట నిజమే. కాని పక్క దీవి నుంచి అబ్సాల్ అనే భక్తుడు వచ్చి తన మతం చెప్పే సంగతులు వినిపించినప్పుడు, హయ్ వాటిలో తాను కనుగొన్నదానికి విరుద్ధమైనది ఏదీ లేదని గుర్తించి, ప్రవక్తను నమ్మి, నమాజు, ఉపవాసం వంటి విధులను స్వీకరిస్తాడు. 13వ శతాబ్దంలో వైద్యుడు ఇబ్న్ అల్-నఫీస్, ఇటువంటి దీవిలోనే పెరిగిన కామిల్ అనే మరో పిల్లవాడి కథ రాసి, బుద్ధితో ఆలోచిస్తూ పోతే ప్రవక్తల అవసరమే తేలుతుందని చూపించాడు. కనుక మరిది లేవనెత్తిన చర్చ ఏడెనిమిది వందల ఏళ్ల నాటిది, గౌరవమైనది కూడా. ఉయ్యాల పక్కన నిలబడి చేసే చర్చ మాత్రం కాదు. అందులో మీరు గెలిచినా బాబుకు పేరు రాదు.

ఏడిపిస్తారన్న భయానికి బస్రా నగరపు మహా రచయిత ఒకాయన జవాబు. ఆయన పేరు అమ్ర్ ఇబ్న్ బహ్ర్. ఆ పేరుతో ఆయన ఎవరికీ తెలియదు. కళ్లు ముందుకు పొడుచుకు వచ్చినట్టు ఉండేవని జనం ‘అల్-జాహిజ్’, అంటే మిడిగుడ్లవాడు, అన్నారు. వెయ్యేళ్లుగా అరబ్బీ వచనానికి అదే గౌరవనామమై కూర్చుంది. పిల్లలు ఏ పేరునైనా ఏడిపించగలరు. నాకు తెలిసిన ఒక రామచంద్రమూర్తి తన బడి రోజులన్నీ ‘చందమామ బిళ్ల’గా గడిపాడు.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను ఆపిన చోటు. ఆరు పేజీల్లో దాదాపు నాలుగు పేజీలు ఆ పుస్తకం గురించే ఉన్నాయి. లేడి చనిపోయినప్పుడు, దాన్ని కదలకుండా చేసినదేమిటో తెలుసుకోవాలని ఆ పిల్లవాడు దాని రొమ్ము చీల్చి వెతికే ఘట్టాన్ని మీరు ఒకటిన్నర పేజీ రాశారు. రెండు రోజులు బతికిన మీ పాప గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది, అదీ కుండలీకరణాల్లో. అమ్మా, కోపగించుకోకండి, ఇది నేను కల్పించుకుంటున్నానేమో మీరే చెప్పాలి: ఇంట్లోవాళ్లకు కూడా మీరు ఇదే కొలతలో చెప్పి ఉంటారని నాకు అనిపిస్తోంది. మామగారికి మీ కోరిక ఒక పుస్తకం మీద చదువుకున్న కోడలికి కలిగిన ముచ్చటగా వినిపించి ఉంటుంది. ‘నా ఒక బిడ్డ బతకలేదు, వీడు బతికాడు, ఆ మాటతోనే నేను వీణ్ణి పిలవాలి’ అన్నది ఆయన చెవిన పడలేదు. మీ కథలోనే ఇంకో సంగతి ఉంది. హయ్ పుట్టుకకు ఇబ్న్ తుఫైల్ రెండు వృత్తాంతాలు చెబుతాడు. ఒకదాని ప్రకారం వాడు తల్లీ తండ్రీ లేకుండా మట్టి నుంచి పుట్టాడు. రెండోదాని ప్రకారం పక్క దీవి రాజు చెల్లెలు రహస్యంగా తన బంధువైన యఖ్జాన్‌ను పెళ్లాడి, కన్న బిడ్డను పెట్టెలో పెట్టి, కాపాడమని దేవుణ్ణి వేడుకుంటూ సముద్రంలో విడిచింది. కుంతి కథ పాఠం చెప్పే మీకు ఆ తల్లి గురించి నేను చెప్పనక్కర్లేదు. మీరు పట్టుకున్నది ఈ రెండో కథ. మీ ఇంట్లోవాళ్లు విన్నది మొదటిది, తల్లి ప్రస్తావనే లేనిది.

రాత్రిళ్లు బాబు నిద్రపోయే ముందు మామగారు ఆయతుల్ కుర్సీ చదివి ఊదుతారని మీరే రాశారు, ఆ పట్టుదల చూస్తే విసుగు వస్తుందన్నట్టు. ఆయన చదివే వాక్యాన్ని ఈసారి కాస్త నెమ్మదిగా వినండి. అందులో దేవుడు హయ్, నిత్యం సజీవుడు. ఆ వెంటనే, ఆయనకు కునుకు రాదు, నిద్ర రాదు. మీ పుస్తకంలోని పిల్లవాడి పేరు హయ్, యఖ్జాన్ కొడుకు. యఖ్జాన్ అంటే నిద్రపోకుండా మెలకువగా ఉన్నవాడు. ఆ పేరు చదివినప్పుడల్లా నాకు ఈ వాక్యమే గుర్తుకు వస్తుంది. ఒక బిడ్డను పోగొట్టుకున్న ఇంట్లో, రెండో బిడ్డ ఉయ్యాల మీద వంగి మీరు పలకాలనుకుంటున్న మాటే ఆయన రోజూ పలుకుతున్నారు. పైగా ఆయన మీ పేరును కాదని జాఫర్ అనో ఇస్మాయిల్ అనో అనలేదు. మీ మాటను అలాగే ఉంచి, దాని ముందు తన మాట ఒకటి చేర్చారు. ఇది ఎదిరింపో, బేరమో, ఒప్పుకోలో మీరు దగ్గరుండి చూసినవారు కనుక మీకే తెలియాలి. దూరం నుంచి నాకు మాత్రం ఒప్పుకోలుగానే కనిపిస్తోంది.

ఇక మీ ముందున్న దారులు. మీరు పట్టుబట్టి ఒట్టి హయ్ అని నమోదు చేయించవచ్చు. తల్లిగా ఆ హక్కు మీకు ఉంది, అందులో నాకు సందేహం లేదు. అయితే ఆలిమ్ కూడదని చెప్పిన తరువాత ఆ పని చేస్తే, మామగారు బాబును ఆ పేరుతో పిలవకుండా ‘బేటా’ అనో ‘బాబూ’ అనో సరిపెట్టుకునే అవకాశం ఎక్కువ. ఇష్టపడి పెట్టుకున్న పేరును ఇంట్లో ఒకరు నోటితో పలకకుండా తప్పుకు తిరగడం, రోజూ గుచ్చుకునే ముల్లు. ఆలిమ్ పెట్టవచ్చని చెబితే పరిస్థితి వేరు. అప్పుడు ఆయన కొంచెం నొచ్చుకున్నా దారికి వస్తారు.

అబ్దుల్ హయ్ అని పెడితే మీ మాట పేరులో నిలుస్తుంది, ఆయన మాటా నిలుస్తుంది. కాని ఇందులో ఒక చిక్కు ఉంది, ముందే చూసుకోండి. అరబ్బీలో అది విడదీయరాని ఒకే పేరు. మన దగ్గర బడిలో హాజరుపట్టీ నుంచి బ్యాంకు దాకా అందరూ దాన్ని రెండుగా విరిచి, వాణ్ణి ‘అబ్దుల్’ అని పిలుస్తారు. అబ్దుల్ అంటే ‘...యొక్క దాసుడు’, ఎవరి దాసుడో చెప్పకుండా ఆగిపోయిన మాట. మీ హయ్ అక్కడ కనబడకుండా పోతాడు. ఇంట్లో అందరూ మొదటి రోజు నుంచీ పూర్తి పేరుతో పిలిస్తే ఆ నష్టం కొంత తగ్గుతుంది. మామగారితో ఒప్పందం కుదిరితే ఈ షరతు కూడా పెట్టండి, బడిపంతులు కనుక ఆయనకు వెంటనే అర్థమవుతుంది.

మూడో పేరు ఒకటి మీరు ఆలోచించలేదేమో. యహ్యా. ముసలితనంలో, ఆశ వదులుకున్నాక జకరియ్యా ప్రవక్తకు పుట్టిన కొడుకు. ఈ పేరు ఇంతకు ముందు ఎవరికీ పెట్టలేదని ఖురాన్ మర్యమ్ సూరాలో చెబుతుంది. అరబ్బీలో ఈ పేరును అలాగే చదివితే ‘బతుకుతాడు’ అనే క్రియ వినిపిస్తుంది, హయ్ పుట్టిన ధాతువే అది. మామగారికీ మరిదికీ అభ్యంతరం ఉండే ప్రసక్తే లేదు. కాని మీరు మంచం మీద నెలల తరబడి మోసిన పేరు ఇది కాదు. అందరికీ నచ్చిందన్న ఒక్క కారణంతో ఒప్పుకుంటే, వాణ్ణి పిలిచిన ప్రతిసారీ మీకు రాజీయే గుర్తుకు రావచ్చు. మీ మనసు నిజంగా మళ్లితేనే ఈ దారి.

యఖ్జాన్ అని పెట్టడం నాలుగోది. అది దైవనామం కాదు, అర్థమూ మంచిదే, కథతో బంధమూ తెగదు. కాకపోతే కథలో యఖ్జాన్ తండ్రి పేరు. పైగా మన ప్రాంతపు నోళ్లలో అది ‘యక్‌జాన్’ అవుతుంది, ఉర్దూలో ఆ మాటకు ‘ఒకే ప్రాణం’ అని అర్థం. ఆ పొరపాటు కూడా మీ ఇంటికి అందంగానే ఉంటుందని నాకు అనిపించింది, కాని ఇది నా సరదా, దీన్ని సలహాగా తీసుకోకండి.

రికార్డులో ఒకటి, ఇంట్లో మరొకటి అన్నది మనకు కొత్త కాదు, అరబ్బులకూ కొత్త కాదు. మీరు వాణ్ణి హయ్ అని పిలుచుకోవడానికి ఏ కార్యాలయం అనుమతీ అక్కర్లేదు. మామగారు దాన్ని కూడా వద్దంటారా అన్నది అడిగి తెలుసుకోవలసిన సంగతి, ఊహించుకోకండి. ఎవరేమి పెట్టినా, పెద్దయ్యాక ఆ పేరు మోసేవాడు తన మాట తాను చెబుతాడు. అంధకవి అల్-మఅర్రీ కున్యా అబుల్-అలా, అంటే ఔన్నత్యానికి తండ్రి. ఆయన దాన్ని అబద్ధమన్నాడు. తనను పతనానికి తండ్రి అనడమే నిజమని పద్యం రాశాడు.

‘ఇప్పుడు తగ్గితే జీవితమంతా తగ్గాలేమో’ అన్న మీ భయం మామగారి నుంచి పుట్టలేదని నేను అనుకుంటున్నాను. మీ ఉత్తరంలో ఆయన ఇంతకు ముందు మిమ్మల్ని తగ్గించిన సందర్భం ఒక్కటి కూడా లేదు. ఉన్నదల్లా ‘మీరిద్దరూ తేల్చుకోండి’ అని ప్రతిసారీ పక్కకు జరిగే భర్త. పేరు విషయంలో ఏ దారి పట్టినా, ముందు ఆయనతో కూర్చోండి. ఏ పేరు కావాలో అడగకండి. మొదటి పాప గురించి తన తండ్రితో ఆయన ఎప్పుడైనా మాట్లాడారా అని అడగండి. మామగారికి మీ కారణం చెప్పవలసింది మీరొక్కరే కాదు, ఆయన కూడా. ఆయన వెనక్కి తగ్గితే మీరే చెప్పండి, కాని అప్పుడు పుస్తకం తీసుకెళ్లకండి.

సమయం గురించి ఒక మాట. జనన నమోదులో పేరు లేకపోతే, ఏడాది లోపు రుసుము లేకుండా చేర్చుకోవచ్చు. ఆ తరువాత రుసుము కట్టి 15 ఏళ్ల దాకా చేర్చుకునే వీలుంది. కనుక ఇంకా మూడు నెలలు మీ చేతిలో ఉన్నాయి, అవి దాటినా కొంప మునిగేదేమీ లేదు. కాని ఒకసారి ఎక్కిన పేరును మార్చడం, లేని పేరును చేర్చడమంత తేలిక కాదు. పైగా 2023 అక్టోబరు 1న గాని ఆ తరువాత గాని పుట్టినవారికి పుట్టిన తేదీని రుజువు చేసేది జనన ధ్రువపత్రమే. వెళ్లే ముందు పేరును తెలుగులోనూ ఇంగ్లిషులోనూ కాగితం మీద రాసుకుని వెళ్లండి. చివర రెండు ‘వై’లా, ఒకటా, లేక ‘ఐ’యా అన్నది ఇంటి దగ్గరే తేల్చుకోవాలి, కౌంటరు దగ్గర వదిలేస్తే మీ హయ్ ‘హై’గా మారి, బడిలో ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా తిరుగుతాడు. మీ ఇంటిపేరు షేక్ అయినా సయ్యద్ అయినా అది ఏ పెట్టెలోకి వెళుతుందో, మీ భర్త పత్రాల్లో ఎలా ఉందో చూసుకుని అలాగే రాయించండి.

మీ అమ్మగారు ‘హాయి’ అని పిలుస్తుంటే మాత్రం ఎవరూ సరిదిద్దకండి.